వార్తల్లో పదం: జలేతర ఎంజైమ్ ఉత్ప్రేరణం

ఎంజైమ్ పనిచేయాలంటే నీళ్లు ఉండాల్సిందేనని చాలాకాలం అనుకున్నారు. మనం తిన్న నెయ్యి అరిగేదీ నీటి మధ్యనే కదా! అలాంటి ఎంజైమ్‌ను నీటికి బదులు హెక్సేన్ వంటి కర్బన ద్రావణుల్లో, ఇతర ద్రవాల్లో పనిచేయించడమే జలేతర ఎంజైమ్ ఉత్ప్రేరణం.

1984లో అమెరికాలోని ఎంఐటీలో అలెక్సీ జాక్స్, అలెగ్జాండర్ క్లిబనోవ్ పంది క్లోమంలోని లైపేజ్‌ను పరీక్షించారు. 100 డిగ్రీల సెల్సియస్ నీటిలో వెంటనే పాడైపోయే ఆ ఎంజైమ్, దాదాపు నీరు లేని ద్రావణిలో అదే వేడిని గంటల తరబడి తట్టుకుంది. నీరు తగ్గితే ఎంజైమ్ అణువు బిగుసుకుంటుంది, సులువుగా విడిపోదు. దాన్ని అంటిపెట్టుకున్న కాస్తంత తేమ మాత్రం ఉండాలి.

పని తీరూ తిరగబడుతుంది. నీటిలో కొవ్వును విడగొట్టే లైపేజ్, నీరు లేనిచోట ఆమ్లాన్నీ ఆల్కహాల్‌నూ కలిపి ఎస్టర్‌ను తయారుచేస్తుంది. సువాసన ద్రవ్యాలు, ఔషధాల తయారీకి కావాల్సింది ఇదే.

హెక్సేన్‌తో మంటల ముప్పు ఉంది. అందుకే డీప్ యుటెక్టిక్ ద్రావణులపై ఆశలు. ఉదాహరణకు, కోళ్ల దాణాలో వాడే కోలిన్ క్లోరైడ్ ఒక మోల్‌కు, పొలంలో చల్లే యూరియా రెండు మోల్స్ కలిపి వేడిచేస్తే రెండు తెల్లని ఘనపదార్థాలూ తేటగా, చిక్కగా ద్రవమైపోతాయి. గది వేడిమికి చల్లారినా గడ్డకట్టవు. మామూలుగా ప్రోటీన్లను చెడగొట్టే యూరియా ఇక్కడ హైడ్రోజన్ బంధాల్లో చిక్కుకుంటుంది. కొన్ని లైపేజ్‌లు అందులోనూ చక్కగా పనిచేస్తాయి. పరిశ్రమ శుభ్రపడటానికి ఇదొక మంచి దారి.