తేదీ తప్పితే.. తలుపు మూతే!

ఇంటి కంప్యూటర్లలో ‘సర్టిఫికెట్’ హెచ్చరికలు
* గడియారం సరిచేస్తే చాలాసార్లు చిక్కు తీరినట్టే
* డబ్బు వ్యవహారమైతే ముందుకెళ్లొద్దు

పరీక్ష ఫీజుకు ఈరోజే ఆఖరు. లేదా పహణి తీసి రేపు పొద్దున్నే బ్యాంకులో ఇవ్వాలి. తీరా కంప్యూటర్ ముందు కూర్చుంటే తెర మీద ఎర్ర గుర్తు.. ‘మీ కనెక్షన్ ప్రైవేట్ కాదు’ అని! నెట్ ఉంది, పాస్‌వర్డ్ గుర్తుంది, అయినా సైట్ తెరుచుకోదు. కేజీఎఫ్, బంగారుపేట, ముళబాగిలు.. ఊరేదైనా పాత కంప్యూటర్ ఉన్న ఇంట్లో ఈ తంటా తప్పదు. వైరస్ పడిందంటూ ఫార్మాట్ చేయించేవారు కొందరు. కనబడిందల్లా నొక్కేసి లోపలికి దూరేవారు మరికొందరు. రెండూ నష్టమే.

హాల్‌మార్క్ లాంటిదే..
నూరేళ్లకు పైగా బంగారం తవ్విన ఊరికి ఈ సంగతి చెప్పడం తేలిక. నగ మీద హాల్‌మార్క్ ఉందంటే, షాపాయన మాట మీదే ఆధారపడకుండా మూడో మనిషి పరీక్షించాడని అర్థం. వెబ్‌సైట్ సర్టిఫికెటూ అంతే. ఆ చిరునామా ఎవరి చేతిలో ఉందో చూసి ఓ ధ్రువీకరణ సంస్థ ఇచ్చే పత్రమది. బ్రౌజర్ మూడు సంగతులు చూస్తుంది. పత్రంలోని పేరు, చిరునామా ఒకటేనా? గడువు ఉందా? ఇచ్చిన సంస్థ నమ్మకస్తుల జాబితాలో ఉందా? ఒక్కటి కుదరకపోయినా తలుపేస్తుంది.

హాల్‌మార్క్‌కు గడువు లేదు, దీనికి ఉంది. 2020 సెప్టెంబరు నుంచి గరిష్ఠంగా 398 రోజులన్నారు. 2026 మార్చి 15 నుంచి ఇచ్చేవాటికి 200 రోజులే. 2029 మార్చి 15 నుంచి 47 రోజులకు తగ్గించాలని నిర్ణయమైంది. అందుకే కంప్యూటర్‌లో తేదీ తప్పితే అన్ని సైట్లూ మొరాయిస్తాయి.

ముందు తేదీ చూడండి
తెర కింద కుడి మూలన తేదీ, సంవత్సరం సరిగా ఉన్నాయా? ఏళ్ల కిందటి తేదీ కనబడితే దొంగ దొరికినట్టే. చేత్తో సరిచేసి, టైమ్ జోన్ భారత్‌కు పెట్టి, గడియారం తనంతట తానే సరిచూసుకునే సెట్టింగ్ ఆన్ చేయాలి. మర్నాడు మళ్లీ తప్పితే మదర్‌బోర్డ్ మీది బిళ్ల బ్యాటరీ అయిపోయినట్టు. కరెంటు లేనప్పుడు గడియారాన్ని నడిపేది అదే. రాత్రిపూట స్విచ్ తీసేసే ఇళ్లలో లోపం వెంటనే బయటపడుతుంది. చాలా కంప్యూటర్లలో సీఆర్ 2032 రకం ఉంటుంది. ప్లగ్ పీకేశాకే మార్చాలి.

సిస్టమ్ పాతదైతే..
బెంగళూరు ఎస్‌పీ రోడ్డులో సెకండ్ హ్యాండ్‌లో కొన్న కంప్యూటర్ అయితే విండోస్ ఏదో చూసుకోవాలి. మైక్రోసాఫ్ట్ ఎక్స్‌పీకి 2014 ఏప్రిల్ 8న, విండోస్ 7కు 2020 జనవరి 14న మద్దతు ఆపేసింది. నమ్మకస్తుల జాబితా అప్‌డేట్ కాకుంటే అసలైన సైటూ దొంగలాగే కనబడుతుంది. 2021 సెప్టెంబరు 30న జరిగిందిదే. లెట్స్ ఎన్‌క్రిప్ట్ సర్టిఫికెట్లకు ఆధారమైన ఓ పాత మూల సర్టిఫికెట్ గడువు తీరడంతో పాత యంత్రాల్లో చాలా సైట్లు ఆగిపోయాయి. ఫైర్‌ఫాక్స్‌కు సొంత జాబితా ఉంటుంది కాబట్టి దాంట్లో తెరిచి చూడొచ్చు. అది తాత్కాలికమే, సిస్టమ్ మార్చుకోవడమే దారి.

తప్పు ఎవరిది?
అదే సైట్‌ను ఫోన్‌లో, వైఫై తీసేసి మొబైల్ డేటాతో తెరవండి. అక్కడా అదే హెచ్చరిక వస్తే లోపం చాలావరకు సైట్ వారిదే. సర్టిఫికెట్ మార్చుకునేదాకా ఆగాల్సిందే. ఫోన్‌లో తెరుచుకుంటే లోపం మీ కంప్యూటర్‌దో, మీ నెట్‌దో. స్టేషన్‌లోనో లాడ్జిలోనో ఉచిత వైఫై అయితే లాగిన్ పూర్తికాకపోయినా ఇలాగే వస్తుంది. కొన్ని యాంటీవైరస్‌లు మధ్యలో దూరి తనిఖీ చేయడమూ కారణమే.

హెచ్చరిక ఊరికే రాదు
2014 జూలై 2న ఓ సంగతి బయటపడింది. మన ఎన్‌ఐసీ ధ్రువీకరణ కేంద్రం నుంచి గూగుల్ చిరునామాలకు అనధికార సర్టిఫికెట్లు జారీ అయినట్టు గూగుల్ గుర్తించింది. మర్నాటికే సంబంధిత సర్టిఫికెట్లను దేశ నియంత్రణాధికారి కార్యాలయం రద్దు చేసింది. ముద్ర వేసేచోటే తేడా వస్తే ఎవరి పేరుతోనైనా నకిలీ దుకాణం తెరవొచ్చు.

అందుకే బ్యాంకు, పీఎఫ్, ఆధార్ సైట్లలో హెచ్చరిక వస్తే ‘అయినా ముందుకు’ అన్నది నొక్కొద్దు. తాళం గుర్తు కనబడితే చాలనీ అనుకోవద్దు. మోసగాళ్ల సైట్లకూ సర్టిఫికెట్ దొరుకుతుంది. చిరునామా అక్షరం అక్షరం చూసుకోవాలి. పొరపాటున వివరాలిచ్చి డబ్బు పోతే ఆలస్యం చేయకుండా 1930కు ఫోన్ చేయాలి. ఎంత త్వరగా చెబితే డబ్బు ఆపే అవకాశం అంత ఎక్కువ.