గొర్రెలలో తక్షణ ఒత్తిడి: శరీర ప్రతిస్పందన, క్షేత్రస్థాయి జాగ్రత్తలు

నెల్లూరు జిల్లా పడమటి మెట్ట ప్రాంతాలైన ఆత్మకూరు, ఉదయగిరిలలో వర్షాధార సేద్యానికి గొర్రెల పెంపకం ఆసరాగా ఉంది. ఉన్నికి బదులు పొట్టి వెంట్రుకలు గల నెల్లూరు జాతి గొర్రెలు వేడిని బాగా తట్టుకోగలవు. అయినను మండుటెండలో మందను తరిమినపుడు, కుక్కలు వెంబడించినపుడు, లారీలో కిక్కిరిసి తరలించినపుడు అవి సైతం తక్షణ ఒత్తిడికి లోనవుతాయి.

శరీరంలో జరిగే మార్పులు

ఈ ప్రతిస్పందన రెండు దశలలో సాగుతుంది. మొదటి దశ క్షణాలలో మొదలవుతుంది. మెదడులోని హైపోథాలమస్ ఆదేశంతో సహానుభూత నాడులు ఉత్తేజితమై, అధివృక్క గ్రంథి మధ్యభాగం అడ్రినలిన్‌ను విడుదల చేస్తుంది. గుండె వేగం, రక్తపీడనం పెరుగుతాయి. కాలేయంలోని గ్లైకోజెన్ గ్లూకోజుగా మారుతుంది. ప్లీహం సంకోచించి, నిల్వ ఉన్న ఎర్రరక్తకణాలను రక్తంలోకి పంపుతుంది. జీర్ణక్రియ మందగించి నెమరు ఆగుతుంది. పోరాటానికి లేక పలాయనానికి దేహం సిద్ధమయ్యే ఈ స్థితిని వాల్టర్ కానన్ 1915లో వివరించారు.

రెండవ దశకు కొన్ని నిమిషాలు పడుతుంది. పీయూష గ్రంథి స్రవించే ఏ.సి.టి.హెచ్. ప్రభావంతో అధివృక్క వల్కలం కార్టిసాల్‌ను ఉత్పత్తి చేస్తుంది. ఇది శక్తి సరఫరాను కొనసాగిస్తుంది. కారణం తొలగితే దీని స్థాయి క్రమంగా తగ్గుతుంది. ఒత్తిడి దీర్ఘకాలం కొనసాగితే మాత్రం వ్యాధినిరోధక శక్తి, పునరుత్పత్తి దెబ్బతింటాయి.

రోగనిర్ధారణలో జాగ్రత్త

గొర్రె సాధారణ శరీర ఉష్ణోగ్రత సుమారు 39 డిగ్రీల సెల్సియస్. ఎండలో నడిచివచ్చిన జీవంలో ఇది పెరుగుతుంది, అది రొప్పుతుంది. కార్టిసాల్ వలన రక్తంలో న్యూట్రోఫిల్ కణాలు కూడ పెరుగుతాయి. ఇవన్నీ అంటువ్యాధి లక్షణాలను పోలి ఉండుటచే అనవసర చికిత్సకు దారితీయవచ్చు. అందుచే జీవాన్ని నీడలో ఉంచి, నీరిచ్చి, విశ్రాంతి తరువాత ఉష్ణోగ్రతను మరల పరీక్షించాలి. అప్పటికీ తగ్గకున్న వ్యాధిని అనుమానించాలి. పరిశోధనకై కార్టిసాల్ కొలిచేవారు జీవాన్ని పట్టుకొనిన రెండు మూడు నిమిషాలలోపు రక్తం సేకరించాలి. లేనిచో పట్టుకొనుట వలన కలిగిన ఒత్తిడియే ఫలితంలో కనిపిస్తుంది.

కాపరులకు సూచనలు

టీకాలు, నట్టల మందు ఉదయపు చల్లనివేళ వేయించాలి. వేసవిలో మధ్యాహ్నం మందను చెట్లనీడన నిలపాలి. జీవాలను వెంట్రుకలు పట్టి లాగరాదు. సంతకు తరలించునపుడు గాలి, తగిన చోటు, దారిలో నీరు కల్పించాలి. వధకు ముందు ఒత్తిడి వలన కండరాల గ్లైకోజెన్ తరిగిపోతే మాంసంలో తగినంత ఆమ్లత ఏర్పడక, అది నల్లబారి త్వరగా చెడిపోతుంది. కావున జీవాలను నెమ్మదిగా నడిపించుట వాటి సంక్షేమానికే కాక కాపరి ఆదాయానికి సైతం రక్షణ.