పదేండ్ల పూచీ యెంతవఱకు పనికివచ్చును?

రిఫ్రిజిరేటరు తలుపుపైనను, బట్టలుతుకు యంత్రము మూతపైనను "పది సంవత్సరముల వారంటీ" యను చీటీ అంటింపబడి యుండుట మన సభ్యులందఱును చూచియే యుందురు. కోతలైన పిమ్మట చేతిలో నాలుగు రూపాయలాడిన కుటుంబములు పట్టణపు దుకాణములకు బోయి, ఆ చీటీని జూచియే యొక యంత్రమును విడిచి మఱియొక దానిని కొనుచున్నవి. అందులకై రెండు మూడు వేలు అధికముగ నిచ్చుటయు గలదు. ఈ పూచీకి నిజముగా నెంత విలువయో విచారించి వ్రాయుడని కొందఱు సభ్యులు మమ్ము కోరియున్నారు. ఇది ఎరువులు, విత్తనములు, తెగుళ్లు వంటి విషయము గాకున్నను, రైతు యింటి సొమ్మునకు సంబంధించినది గాన నిచ్చట వ్రాయుచున్నాము.

ముందుగా ఆ చీటీలోని చిన్న యక్షరములను చదువవలయును. "పది" యను అంకె అరచేయంత యుండగా, దానిక్రింద "కంప్రెసరునకు మాత్రము" అనుమాట చీమతలకాయంత యుండును. సాధారణముగా మొత్తము యంత్రమునకు పూచీ యొక సంవత్సరమే. కొందఱు రెండు సంవత్సరములిచ్చుట గలదు. ఆ పిమ్మటి కాలమంతయు రిఫ్రిజిరేటరులో కంప్రెసరునకును, బట్టలుతుకు యంత్రములో మోటారునకును మాత్రమే పూచీ వర్తించును. అదియైనను భాగమునకే గాని పనికి గాదు. మెకానిక్కు కూలి, గ్యాసు ఖరీదు, రాకపోకల బాడుగ మున్నగునవి పెక్కు పత్రములలో యజమానుని నెత్తిననే యుండును. బండి అమ్మినవాడు ఇరుసునకు పూచీపడి, చక్రములును, నొగలును, కాడియు మీ పాలిటివే యన్నట్లున్నది.

తయారీదారు కంప్రెసరునకే యింత ధైర్యముగా నేల పూచీపడుచున్నాడు? అది చెడుట యరుదు గనుక. కంప్రెసరనగా నొక మోటారును, ఒక పంపును, కొంత నూనెయు ఒకే యుక్కు డొల్లలో నుంచి, చుట్టును వెల్డింగు చేసి మూసినది. దానిలోనికి దుమ్ము చేరదు, తేమ చేరదు. మనము నూనె పోయవలసిన పనియు లేదు. తయారీలో లోపమున్నచో చాలవఱకు మొదటి నెలలలోనే బయటపడును, అప్పటికి మొత్తము యంత్రమునకే పూచీ యుండును. ఆ గండము గడచినది పెక్కేండ్లు నిశ్శబ్దముగా పనిచేసి, ముసలితనమున అరిగిపోవును. పదేండ్ల పూచీ ముఖ్యముగా ఆ నడిమి నెమ్మది సంవత్సరములపై పఱచినది. ఇది మోసమని మేము చెప్పము. గట్టి వస్తువునకు పూచీపడుట వ్యాపారధర్మమే. కాని, మిట్టపొలమునకు వరద రాదని పూచీపడినవానికి అధికముగ సొమ్ము చెల్లింపవలయునా యని మాత్రము ఆలోచింపవలసియున్నది.

తఱచుగా చెడునవి వేఱు. రిఫ్రిజిరేటరులో థర్మోస్టాటు, రిలే, లోపలి ఫ్యాను, మంచు కరిగించు హీటరు, తలుపు చుట్టునుండు రబ్బరు. క్రొత్తరకపు ఇన్వర్టరు యంత్రములలో ఎలక్ట్రానిక్ బోర్డు. గొట్టములో సన్నని రంధ్రముపడి గ్యాసు కారిపోయినచో, కంప్రెసరు చక్కగా తిరుగుచునే యుండును గాని నీరు చల్లబడదు. అపుడు పదేండ్ల పత్రము ఇనుప బీరువాలో నుండియు ప్రయోజనము లేదు. బట్టలుతుకు యంత్రములోనైనను మోటారుకంటె ముందుగా మొఱాయించునవి బేరింగు, నీటిని బయటకు త్రోయు చిన్న పంపు, నీరు వచ్చు వాల్వు, బోర్డు. బోరునీరు చవుటగా నున్న గ్రామములలో హీటరుపై సున్నపుపొర గట్టి యది త్వరగా పాడగును. వీనిలో నొక్కటియు ఆ పెద్ద అంకె నీడలోనికి రాదు.

మా సర్కిలులోని యొక సభ్యుని యింట ఆఱవయేట వైశాఖమాసమున కంప్రెసరు ఆగిపోయెను. ఆయన భార్యకు మధుమేహము. ఇన్సులిను బుడ్లు ఆ రిఫ్రిజిరేటరులోనే యుండెడివి. కంపెనీవారు పూచీ ప్రకారము క్రొత్త కంప్రెసరును ఉచితముగా నిచ్చిరి. కాని పాతగ్యాసు తీయుటకు, వడపోత డ్రయ్యరు మార్చుటకు, గొట్టము లతుకుటకు, క్రొత్తగ్యాసు నింపుటకు, మెకానిక్కు రెండుమార్లు పట్టణమునుండి వచ్చుటకు అయిన సొమ్ము, ఆ కంప్రెసరు వెలలో సగమునకు దగ్గఱగా నుండెను. భాగము వచ్చులోపల పదునొకండు దినములు గడచెను. తెఱవని ఇన్సులినును 2 డిగ్రీలనుండి 8 డిగ్రీలలోపల నుంచవలెను. రోహిణికార్తె యెండలో బయట నుంచరాదు. ఆ దినములన్నియు ఆ బుడ్లు పొరుగింటి రిఫ్రిజిరేటరులో నుండెను. పూచీవలన ఆ కుటుంబమునకు లాభము కలుగలేదని యనము. పోయినది యన్నిటిలోను ఖరీదైన భాగము. అయినను ఆ యిల్లాలికి కావలసినది ఆ నాటి చల్లదనము. దానికి ఏ పత్రములోను పూచీ లేదు.

ఇపుడు లెక్క చూతము. క్రింది అంకెలు లెక్క తెలియుటకై మేము పెట్టినవే గాని యెవరును తేల్చినవి కావు. ఇరువది యిండ్లవారు పదేండ్ల పూచీకై తలకొక 2,500 రూపాయలు అధికముగ నిచ్చిరనుకొందము, మొత్తము 50,000. వారిలో నొకరి కంప్రెసరు నడుమ చెడి, 5,000 రూపాయల భాగము ఉచితముగా వచ్చెననుకొందము. ఇద్దఱివి చెడినను 10,000 మాత్రమే. మిగిలిన సొమ్ము ఎవరికి చేరెనో వివరింప నక్కఱలేదు. అదే 2,500 రూపాయలను సంఘమునందలి తన పొదుపు ఖాతాలో వేసికొన్నవాడు, చెడినది బోర్డైనను, రబ్బరైనను, గ్యాసైనను దానితో బాగుచేయించుకొనును; ఏదియు చెడనిచో సొమ్ము వడ్డీతో తనదే. కావున వెల సమానమైనపుడు పదేండ్ల పూచీగల యంత్రమునే పుచ్చుకొనుడు. పూచీకై ప్రత్యేకముగా వెల పెంచినచో విడువుడు. ఇది మా యభిప్రాయము.

దుకాణదారు బిల్లు వ్రాయునపుడు అమ్మజూపు అదనపు వారంటీ మఱియొక రకము. దానిని తఱచుగా తయారీదారు గాక వేఱొక సంస్థ యిచ్చును. కూలియు భాగములును రెండును చేరినవా, మన యూరికి మెకానిక్కు వచ్చునా యని వ్రాతమూలముగా తెలిసికొనక సంతకము చేయరాదు.

పూచీకంటె ముఖ్యమైన దొకటి గలదు. పొలములో మోటారు వైండింగు కాలుట యెట్లో మన రైతులకు వేఱుగా చెప్పనక్కఱలేదు. వోల్టేజి తగ్గినకొలది మోటారు ఎక్కువ కరెంటు లాగి వేడెక్కును. ఇంటి కరెంటు 230 వోల్టులుండవలసినది. పంపుసెట్లన్నియు ఒక్కసారిగా తిరుగువేళ నెంత యుండునో మీకే తెలియును. అంతేగాక, కరెంటు పోయి వెంటనే వచ్చినపుడు గొట్టములలోని ఒత్తిడి యింకను దిగదు. ఆ బరువుమీద కంప్రెసరు బయలుదేరజాలక వేడెక్కును. మూడు నాలుగు నిమిషములు ఆగి కరెంటు నిచ్చు స్టెబిలైజరు దీనికి మందు. కొన్ని క్రొత్త యంత్రములకు స్టెబిలైజరు అక్కఱలేదందురు. ఎన్ని వోల్టులనుండి ఎన్ని వోల్టులవఱకో పత్రములో చూచుకొనవలెను. వోల్టేజి హెచ్చుతగ్గులవలనను, పిడుగువలనను, ఎలుకలు తీగెలు కొఱుకుటవలనను కలిగిన నష్టము పెక్కు పూచీలలో చేరదు. పల్లెలో యంత్రమును చెఱచునవి ముఖ్యముగా నివియే గదా!

పూచీ యుండియు కంపెనీవారు త్రిప్పించుకొనుచున్నచో, 1915 నంబరునకు ఫోను చేసి జాతీయ వినియోగదారుల సహాయకేంద్రమునకు తెలుపవచ్చును. 2020 జూలై 20వ తేదీనుండి అమలులోనికి వచ్చిన 2019 సంవత్సరపు వినియోగదారుల రక్షణ చట్టము ప్రకారము, కొన్నచోటగాక తాము నివసించు జిల్లా కమిషనులోనే దావా వేయవచ్చును. చెల్లించిన వెల అయిదు లక్షలలోపలనైన రుసుము లేదు. వివాదము పుట్టిన రెండేండ్లలోపల వేయవలయును.

దీనికంతకును బిల్లే ఆధారము. ఇప్పటి దుకాణములలో నిచ్చు నున్నని కాగితపు బిల్లు, వేడికి అక్షరములు వెలిసి రెండు మూడేండ్లలో తెల్లకాగితమగును. కొన్ననాడే దానికి నకలు తీయించి, దానిపై యంత్రము వెనుకనుండు సీరియలు నంబరును వ్రాసి యుంచుడు. పూచీ కాలములో కంపెనీవారు నియమింపని మెకానిక్కుచేత విప్పింపకుడు. ఆ నెపముతో పూచీని త్రోసివేయుదురు. నకలు తీయించుకొనుటకు వీలులేని సభ్యులు సంతనాడు బిల్లుతో సంఘము కార్యాలయమునకు వచ్చినచో, గుమాస్తా నకలు తీసి సభ్యుని పేరిట దస్త్రములో నుంచును.