90 సెకన్లలో మెదడు చురుకుదనానికి పరీక్ష

శరీర రక్షణ వ్యవస్థే మెదడు, వెన్నుపాములలోని నరాలపై ఉండే మైలిన్ పొరను దెబ్బతీయడం మల్టిపుల్ స్క్లెరోసిస్ వ్యాధి లక్షణం. 20 నుంచి 40 ఏళ్ల వయసువారిలో ఇది ఎక్కువగా బయటపడుతుంది. చూపు మసకబారడం, తిమ్మిర్లు కనిపిస్తే వైద్యుని వద్దకు వెళ్తారు. ఆలోచనా వేగం మందగిస్తే మాత్రం అలసట, పరధ్యానమని సరిపెట్టుకుంటారు.

ఈ మార్పును పసిగట్టేదే 'సింబల్ డిజిట్' పరీక్ష. కాగితం పైభాగాన తొమ్మిది గుర్తులు, వాటికి కేటాయించిన 1 నుంచి 9 వరకు అంకెలు ఉంటాయి. కింద వరుసగా ఉన్న గుర్తులలో ఎన్నింటికి 90 సెకన్లలో సరైన అంకె చెప్పారో లెక్కిస్తారు. ఏటా పరీక్షించి ఫలితాలను పోల్చిచూస్తే తేడా తెలుస్తుంది.

నిద్రలేమి, మానసిక కుంగుబాటు వల్లా మార్కులు తగ్గవచ్చు. అందువల్ల ఈ ఒక్క పరీక్షతో వ్యాధిని నిర్ధారించరు. ఎమ్మారై స్కానింగ్, నరాల వైద్య నిపుణుని పరిశీలన తప్పనిసరి. చికిత్స ఎంత త్వరగా మొదలైతే నరాలకు నష్టం అంత తగ్గుతుంది.