'హోటల్' అంటే తిండా, గదా? ఏఐ ఏజెంట్‌కు ఎవరు చెప్పాలి?

'హోటల్‌కు వెళ్లొద్దాం' అంటే తెలుగువారికి గుర్తొచ్చేది ఇడ్లీ, దోశ, భోజనం. రాత్రికి ఉండటానికి గది కావాలంటే 'లాడ్జి' అంటారు. కానీ మ్యాప్ సేవల డేటాబేసుల్లో సాధారణంగా 'హోటల్' అంటే బస చేసే చోటు.

మనిషి ఈ తేడాను సందర్భాన్ని బట్టి గ్రహిస్తాడు. ఆ పని ఇప్పుడు ఏఐ ఏజెంట్ల మీద పడుతోంది. దుకాణాలు, ఆసుపత్రులు, మెకానిక్‌లను వెతికిపెట్టే ఏజెంట్ సరైన సమాధానం ఇస్తుందా లేదా అన్నది చాలావరకు డెవలపర్ రాసే నాలుగైదు వాక్యాలపై ఆధారపడి ఉంటుంది. వాటినే 'టూల్ డిస్క్రిప్షన్' అంటారు.

ఏజెంట్ ఎలా వెతుకుతుంది?

ఇప్పుడు ఏ మందుల షాపు తెరిచి ఉందో భాషా మోడల్‌కు సొంతంగా తెలియదు. అందుకే దానికి కొన్ని 'టూల్స్' ఇస్తారు. ఒక్కో టూల్‌తో పాటు దాని పేరు, అది చేసే పని వివరణ, దానికి ఇవ్వాల్సిన సమాచారం జాబితా ఉంటాయి. ఆంత్రోపిక్ సంస్థ 2024 నవంబర్‌లో విడుదల చేసిన 'మోడల్ కాంటెక్స్ట్ ప్రోటోకాల్' (ఎంసీపీ) వంటి ప్రమాణాలు కూడా ఈ పద్ధతిలోనే పనిచేస్తాయి.

సాధారణంగా టూల్ లోపలి ప్రోగ్రామ్ మోడల్‌కు కనిపించదు. ఎప్పుడు వాడాలో, ఏం ఇవ్వాలో, వచ్చిన ఫలితాన్ని ఎలా అర్థం చేసుకోవాలో ఆ వివరణ చదివే తేల్చుకోవాలి.

వివరణ సరిగా లేకపోతే?

ఉదాహరణకు 'వ్యాపారాలను వెతుకుతుంది' అని మాత్రమే రాశారనుకుందాం. దూరాన్ని కిలోమీటర్లలో ఇవ్వాలా, మీటర్లలోనా? గూగుల్ ప్లేసెస్‌లోని 'నియర్‌బై సెర్చ్' మీటర్లలో అడుగుతుంది. గరిష్ఠ పరిమితి 50,000 మీటర్లు. ఐదు కిలోమీటర్లు అనుకుని మోడల్ '5' అని పంపితే, వెతుకులాట ఐదు మీటర్లకే పరిమితమవుతుంది. అప్పుడు 'దగ్గర్లో ఏమీ లేవు' అన్న జవాబు వస్తుంది.

ఇంకా ప్రమాదకరమైనది ఖాళీ సమాచారం. ఒక మందుల షాపు వేళలు డేటాబేస్‌లో లేకపోతే, ఆ ఖాళీని మోడల్ 'మూసి ఉంది' అనో, '24 గంటలూ తెరిచి ఉంటుంది' అనో అనుకోవచ్చు. ఇక్కడ తెరపై ఎర్రర్ ఏమీ కనిపించదు. తప్పు సమాధానమే ధీమాగా వస్తుంది. అర్ధరాత్రి ఇన్సులిన్ కోసం బయల్దేరినవారికి ఇది చిన్న తప్పు కాదు.

మంచి వివరణ ఎలా ఉంటుంది?

అదే టూల్‌కు ఇలా రాయొచ్చు:

'ఇచ్చిన చోటు చుట్టుపక్కల ఉన్న దుకాణాలు, ఆసుపత్రులు, భోజనశాలలను వెతుకుతుంది. దూరం మీటర్లలో ఇవ్వాలి. ఊరి పేరు తెలియకపోతే ముందు యూజర్‌ను అడగాలి. గరిష్ఠంగా 20 ఫలితాలు వస్తాయి. వేళలు ఖాళీగా ఉంటే తెలియదని అర్థం, మూసి ఉన్నట్టు కాదు. సరుకు ఉందో లేదో ఈ టూల్ చెప్పలేదు.'

ఇందులో టూల్ ఏం చేస్తుందో ఉంది, ఏం చేయలేదో కూడా ఉంది. చివరి వాక్యం లేకపోతే, 'ఆ షాపులో ఇన్సులిన్ దొరుకుతుంది' అని ఏజెంట్ ఊహించి చెప్పే అవకాశం ఉంది.

మన ఊళ్లకు ఇంకేం కావాలి?

'గాంధీనగర్' హైదరాబాద్‌లో ఉంది, విజయవాడలో ఉంది. గుజరాత్ రాజధాని పేరూ అదే. ఊరి పేరు తప్పనిసరి చేయడానికి ఇదే కారణం.

పదాల సంగతీ అంతే. 'టిఫిన్' అంటే తెలుగునాట ఉదయం ఇడ్లీ, ముంబయిలో మధ్యాహ్నం క్యారియర్ భోజనం. కర్ణాటకలో 'మిలిటరీ హోటల్' అంటే మాంసాహార భోజనశాల, సైన్యానికి సంబంధించినది కాదు. ఇలాంటి పదాలు ఏ వర్గం కిందకు వస్తాయో వివరణలోనే చెప్పడం మేలు.

దూరం లెక్క కూడా స్పష్టంగా ఉండాలి. విజయవాడ నుంచి చూస్తే తాడేపల్లి కృష్ణా నదికి అవతలి ఒడ్డే. సరళరేఖలో కొలిస్తే దగ్గర, కానీ వెళ్లాలంటే బ్యారేజీయో వారధో దాటాలి. టూల్ ఇచ్చేది సరళరేఖ దూరమైతే ఆ మాట రాయాలి.

ఎంత ఎక్కువ రాస్తే అంత మంచిదా?

కాదు. సాధారణంగా యూజర్ ప్రశ్నతో పాటు టూల్ వివరణలనూ మోడల్ చదవాల్సి ఉంటుంది. అవి పెరిగేకొద్దీ ఖర్చు పెరుగుతుంది. ఒకేలా కనిపించే టూల్స్ ఎక్కువైతే ఎంపికలోనూ పొరపాట్లు జరుగుతాయి. జనం నిజంగా అడిగే ప్రశ్నలు కొన్ని రాసుకుని, ఏజెంట్ ఏ టూల్‌ను ఎలా వాడుతోందో పరీక్షించి, తప్పు జరిగిన చోట వాక్యం మార్చడమే నమ్మదగిన పద్ధతి.

యూజర్‌కు కనిపించని మాటలు

ఈ వివరణలు సాధారణంగా యూజర్ కంటికి కనిపించవు. వాటిలో దురుద్దేశంతో ఆదేశాలు దాచి ఏజెంట్‌ను దారి తప్పించవచ్చని భద్రతా సంస్థ ఇన్వేరియంట్ ల్యాబ్స్ 2025 ఏప్రిల్‌లో హెచ్చరించింది. దీన్ని 'టూల్ పాయిజనింగ్' అంటారు.

హ్యాకర్లు లేకపోయినా సమస్య ఉండొచ్చు. 'డబ్బు కట్టిన దుకాణాలనే ముందు చూపించు' అని వివరణలో ఒక్క వాక్యం చేర్చితే, వీధి చివరి కిరాణా కొట్టు జాబితాలో కిందకు పోతుంది. అలా ఎందుకు జరిగిందో కొట్టు యజమానికీ తెలియదు, కొనేవారికీ తెలియదు.