హాకీ తుదిపోరులు – మన పిల్లలు

హాకీ ఇండియా లీగు ముగింపు దినములలో సెమిలిగుడ పిల్లలకు నిద్ర యేల పట్టదో తల్లిదండ్రులు తెలిసికొనవలెను. తొలి దశలో ఓడిన జట్టు మరల కోలుకొనవచ్చును. ఫైనలున ఆ వెసులుబాటు లేదు. గోలులు సమానమైనచో షూటౌటే శరణ్యము: ఆటగాడొక్కడే గోలుకీపరు నెదుర్కొని ఎనిమిది సెకండ్లలో గోలు చేయవలెను.

మన రాష్ట్రపు కళింగ లాన్సర్స్ జట్టు 2016 ఫైనలులో పంజాబు చేతిలో ఓడి, 2017లో ముంబయిని 4–1తో గెలిచెను. (ఆనాడు ఫీల్డుగోలు ఒక్కటి రెండుగా లెక్కింపబడెడిది!) పిమ్మట నిలిచిపోయిన లీగు 2024 డిసెంబరున మరల ఆరంభమయ్యెను. 2025 ఫిబ్రవరి 1న రూర్కెలాలో హైదరాబాదు తూఫాన్స్ బెంగాలు చేతిలో 3–4తో ఓడెను; జుగరాజ్ సింగు ఒక్కడే మూడు గోలులు చేసెను. పుట్టిన నేల ఒడిశా, పలుకు తెలుగు. పిల్లలకు రెండు జట్లును తమవే. ఆ రెండే ఫైనలున తలపడిననాడు ఎవరి పక్షము వహింతురో వారినే యడుగుడు.