పచ్చటి కంచె... పుల్లటి పంట!

ఎండాకాలం వస్తే చాలు, సింహాద్రిపురం, పులివెందుల చుట్టుపక్కల పెరటి మొక్కల గురించి ఒకటే బెంగ. బోరు నీళ్లు చీనీ తోటకి చాలాలి, అరటికి చాలాలి, ఇంటి అవసరాలకీ రావాలి. మిగిలిన నాలుగు బిందెలతో గులాబీని బతికించాలా, క్రోటన్లని కాపాడాలా? ఇంత తర్జనభర్జన అక్కర్లేకుండా ఏడాది పొడవునా పచ్చగా ఉంటూ, వానాకాలంలో గంపలకొద్దీ కాయలిచ్చే పొద ఒకటుంది. అదే వాక్కాయ!

చుట్టం మనూళ్లోనే!
వాక్కాయ మనకి పరాయిదేం కాదు. కడప జిల్లా గుట్టల్లో కనిపించే కలివి పొదకి దగ్గరి చుట్టం. అంతరించిపోయిందనుకున్న కలివికోడి 1986లో సిద్దవటం ప్రాంతంలోని రెడ్డిపల్లి దగ్గర మళ్లీ కనిపించింది గుర్తుందా? ఆ పక్షికి పేరు పెట్టింది ఈ కలివి పొదే. అందుకే గుట్ట మీది పొదని పీకి పెరట్లోకి తేవద్దు. దాని నీడ అక్కడి పక్షులకి కావాలి. పెరటికి నర్సరీలో దొరికే వాక్కాయ మొక్క చాలు.

నాటేదిలా...
జులై, ఆగస్టు నెలల్లో నాలుగు వానలు పడ్డాక నాటితే మంచిది. అడుగున్నర గుంత తీసి, మట్టిలో బాగా చివికిన పశువుల ఎరువు కలపండి. కంచెలా పెంచాలంటే మొక్కకీ మొక్కకీ మూడడుగులు, విడిగా అయితే ఆరడుగుల దూరం ఉండాలి. ఎండ బాగా తగలాలి, నీరు మాత్రం నిలవకూడదు. గింజ నాటాలనుకుంటే పండిన కాయలోంచి తీసి కడిగి, వెంటనే నాటేయండి. నిల్వ ఉంచితే మొలకెత్తదు.

మొదటి వేసవి ఒక్కటే కాస్త కష్టం. వారానికి రెండుసార్లు నీళ్లు పోసి, మొదట్లో వేరుసెనగ పొట్టు పరిస్తే తేమ ఆరదు. వేళ్లు లోతుకి దిగాక ఎండల్ని అదే తట్టుకుంటుంది. గింజ మొక్క సుమారు మూడో ఏడు నుంచి కాపుకొస్తుంది.

ముళ్లున్నాయి... జాగ్రత్త!
దీని ముళ్లు గట్టివి. గడప పక్కన, పిల్లలు ఆడుకునే చోట వద్దు. ప్రహరీ వెంట వేస్తే మేకలూ దూరవు. కొమ్మల చివర్లలోనే పూలొస్తాయి కాబట్టి పూతకి ముందు కత్తిరిస్తే ఆ ఏడు కాపు తగ్గుతుంది. కాయలు కోశాక కత్తిరించండి. పాలు జిగురుగా అంటుకుంటాయి, చేతులకి నూనె రాసుకుంటే సరి.

వంటింట్లోకి...
తెల్లటి పూలు పరిమళంతో పలకరించి, గులాబీ రంగు కాయలవుతాయి. పుల్లటి కాయల్ని చీల్చి గింజ తీసి పప్పులో వేస్తే చింతపండుతో పనిలేదు. పచ్చడి నూరితే సంగటిలోకి భలే రుచి. నల్లగా పండినవాటిని తినొచ్చు. పెక్టిన్ ఎక్కువ కాబట్టి జామ్ చక్కగా గట్టిపడుతుంది. బేకరీ కేకుల మీద మెరిసే ఎర్రటి 'చెర్రీ'ల్లో చాలావరకూ పాకంలో ఊరి రంగు వేసుకున్న వాక్కాయలేనని తెలుసా!

ఈ వానాకాలం ప్రహరీ పక్కన ఓ రెండు మొక్కలు నాటి చూడండి. మూడేళ్లు ఓపిక పడితే ఆ తర్వాత వాక్కాయ పప్పు కోసం సంతకి వెళ్లక్కర్లేదు. గిన్నె పట్టుకుని పెరట్లోకి వెళ్తే చాలు!